కారు ముక్కు మీద బొమ్మ: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పాత కార్ల ఇంజన్లు ఎందుకంత తొందరగా వేడెక్కేవని ఒకరు అడిగితే జవాబు రాస్తూ, చివర్లో "ఆ రేడియేటర్ మూత మీదే తర్వాత బొమ్మలొచ్చి కూర్చున్నాయి" అని ఒక్క ముక్క అని వదిలేశాను. పొరపాటు నాదే. ఇంజన్ సంగతి పక్కన పెట్టి అందరూ బొమ్మల మీద పడ్డారు. ఒకే ప్రశ్న నలుగురు అడిగితే కలిపేశాను, మరీ పొడుగ్గా ఉన్నవాటికి కోత పెట్టాను, ఏమనుకోకండి.

ప్రశ్న: మూత మీద బొమ్మ అన్నారు. బొమ్మ ఉండేది బానెట్ మీద కదండీ? మూత ఎక్కణ్ణుంచి వచ్చింది?

జవాబు: మీరు తర్వాతి కాలపు కార్లు చూసి అడుగుతున్నారు. 1910ల నాటి కారు ఫొటో ఒకటి తీసి చూడండి. ముందు వైపు బీరువా తలుపులా నిలువుగా నిలబడి ఉండేదే రేడియేటర్, ఇంజన్ నీళ్లను చల్లబరిచే పెట్టె. దాన్ని దాచాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. దాని నెత్తి మీద, బయటికే కనిపిస్తూ, నీళ్లు పోసే మూత ఉండేది, బానెట్ అనేది దాని వెనక మొదలయ్యేది. అప్పటి చాలా కార్లలో నీళ్లను తిప్పడానికి పంపు కూడా లేదు, వేడి నీళ్లు పైకి, చల్లబడినవి కిందికి వాటంతటవే తిరగాలి, పైగా ఆవిరైపోతూ ఉండేవి, కాబట్టి డ్రైవర్ మాటిమాటికీ దిగి మూత తీసి నీళ్లు పోసుకోక తప్పేది కాదు.

చిక్కేమిటంటే లోపల నీళ్లు మరుగుతున్నాయో లేదో సీట్లో కూర్చున్నవాడికి తెలియదు. డ్యాష్‌బోర్డు మీద వేడి చూపించే మీటర్ ఇంకా రాలేదు. పొగలు కక్కేదాకా ఆగి, అప్పుడు లబోదిబోమనడమే. హారిసన్ బాయిస్ అనే అమెరికన్ దీనికొక తేలికైన ఉపాయం కనిపెట్టి 1912లో పేటెంట్ తీసుకున్నాడు. మూతకే ఒక థర్మామీటర్ బిగించేశాడు. గుండ్రటి చట్రం, దానికి అద్దం, మధ్యలో ఎర్ర రంగు ద్రవం ఉన్న సన్నని గొట్టం. డ్రైవర్ సీట్లోంచే ఎర్ర గీత ఎంత పైకి ఎక్కిందో చూసుకోవచ్చు. అందులో నాకు నచ్చిన తెలివి ఇంకొకటుంది. అది నీటి వేడిని కాదు, నీటి పైన చేరే ఆవిరి వేడిని కొలిచేది, కాబట్టి నీళ్లు అడుగంటినా కబురు అందేది. దాని పేరు బాయిస్ మోటోమీటర్.

బాయిస్ కంటే ముందే సరదాగా బొమ్మలు బిగించుకున్నవాళ్లు లేకపోలేదు, రోల్స్ రాయిస్ కారు మీది అమ్మాయి బొమ్మే 1911 నాటిది. కానీ కారు నెత్తిన ఏదో ఒకటి నిలబడి ఉండాలి అన్న అలవాటును మామూలు కార్ల దాకా తీసుకొచ్చింది ఆ థర్మామీటరే అని నా లెక్క. దానికి అటూ ఇటూ రెక్కలు తగిలించారు, చట్రం మీద కంపెనీ ముద్ర వేశారు, పైన చిన్న బొమ్మ నిలబెట్టారు. తర్వాత మీటర్ డ్యాష్‌బోర్డులోకి వెళ్లిపోయింది, థర్మామీటర్ పని అయిపోయింది, బొమ్మ మాత్రం దిగలేదు.

ప్రశ్న: ఈజిప్టు రాజు టుటన్‌ఖామన్ రథం మీద ఉన్న డేగ బొమ్మే వీటన్నిటికీ మూలమని చదివాను. నిజమేనా? ఆ లెక్కన అర్జునుడి రథం మీది హనుమంతుడు కూడా వస్తాడుగా?

జవాబు: రథం మీద డేగ ఉన్నమాట నిజమే, తల మీద సూర్యబింబం మోస్తూ, బంగారు పూతతో ఉంటుంది. కానీ ఆ రథం ఉన్న సమాధిని హోవార్డ్ కార్టర్ బృందం కనుక్కున్నది 1922 నవంబర్‌లో. అప్పటికి కార్ల మీద బొమ్మల సరదా మొదలై పదేళ్లు దాటింది. లోకానికి ఇంకా తెలియని డేగను చూసి ఎవరు నేర్చుకుంటారు చెప్పండి? 1922 తర్వాత ఈజిప్టు పిచ్చి ఐరోపాను ఊపేసినప్పుడు కార్ల మీదికి కూడా ఆ బొమ్మలు ఎక్కాయి, అది వేరే సంగతి.

దగ్గరి చుట్టం కావాలంటే ఓడల వైపు చూడండి. పాత తెరచాప ఓడల ముక్కున చెక్కతో చేసిన ఆడమనిషో సింహమో ముందుకు వాలి ఉండేది. కారు బొమ్మల్లో సగానికి సగం అదే వాలుతో, వెనక్కి ఎగిరే బట్టలతో ఉంటాయి. ఇక అర్జునుడి మాట అంటారా, అది జెండా అండీ, ఎవరి రథమో దూరం నుంచి తెలియడానికి. పని మాత్రం ఒకటే, నేను కాదనను.

ప్రశ్న: మస్కట్ అంటారు కదా వీటిని, ఆ మాటకు అర్థమేంటి?

జవాబు: బ్రిటన్‌లో కారు మస్కట్ అంటారు, అమెరికాలో హుడ్ ఆర్నమెంట్ అంటారు. మస్కట్ ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వేరు దక్షిణ ఫ్రాన్సు భాషలో మంత్రగత్తె అనే అర్థమున్న మాటలో ఉంది. 1880లో పారిస్‌లో ఆడిన ఒక సంగీత నాటకంతో "అదృష్టం తెచ్చే మనిషి లేదా వస్తువు" అనే అర్థంలో ఊరూరా పాకింది. కొత్తగా వచ్చిన కారంటే జనానికి భయమే, దారిలో ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు పేలుతుందో తెలియదు, కాబట్టి నల్ల పిల్లి, గుర్రపు లాడం, దెయ్యం బొమ్మ, ఏది కలిసొస్తుందనుకుంటే అది మూతకు బిగించేవాళ్లు. బజార్లో విడిగా అమ్మేవాళ్లు మరి. కుక్కలు, పోలీసులు, గోల్ఫ్ ఆడే పెద్దమనుషులు, వెక్కిరించే కోతులు కూడా దొరికేవి.

ప్రశ్న: రోల్స్ రాయిస్ మీద ఉన్న అమ్మాయి ఎవరు? దేవతా? ఆవిడ వెనక ప్రేమకథ ఉందంటారు.

జవాబు: ఈ ప్రశ్నే ఎక్కువమంది అడిగారు. కథ కూడా అలాంటిదే, కాస్త ఓపిగ్గా చదవండి.

జాన్ మోంటగు అని ఇంగ్లండులో ఒక లార్డు, బ్యూలీ అనే ఊరి జమీందారు, కార్లంటే ప్రాణం, కార్ల మీద ఒక పత్రిక కూడా నడిపేవాడు. ఆ పత్రికలో ఆయన దగ్గర పనిచేసిన ఆమె ఎలియనోర్ వెలాస్కో థార్న్‌టన్. ఇద్దరూ ప్రేమించుకున్నారు, అప్పటికే ఆయనకు పెళ్లయింది. దగ్గరివాళ్లకు తెలుసు, ఎవరూ పైకి అనరు. మోంటగు తన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారుకు ఒక బొమ్మ చేసి పెట్టమని చార్ల్స్ సైక్స్ అనే శిల్పిని అడిగాడు. సైక్స్ ఎలియనోర్‌ను చూసి ఒక చిన్న బొమ్మ చేశాడు. గాలికి ఎగిరే బట్టలు, పెదవుల మీద ఒక వేలు. "ఎవరితో అనకు" అన్నట్టు. దాని పేరు 'ది విస్పర్', గుసగుస. ఇంతకంటే బాగా ఆ విషయాన్ని ఎవరు చెప్పగలరు?

అదే సమయంలో రోల్స్ రాయిస్ వాళ్లకు వేరే తలనొప్పి ఉంది. వేలకు వేలు పోసి కారు కొన్నవాళ్లు దాని నెత్తిన ఎగతాళి బొమ్మలు బిగిస్తున్నారు. కంపెనీ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్‌కు ఒళ్లు మండింది. మా కారుకు మేమే తగిన బొమ్మ చేయిస్తామని సైక్స్‌నే పిలిపించాడు. జాన్సన్ మనసులో ఉన్నది పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని తల లేని రెక్కల విజయదేవత, సామోత్రేస్ నైకీ. సైక్స్‌కు అంత గంభీరం నచ్చలేదు. ఇంకా సుకుమారంగా, చేతులు వెనక్కి చాచి, గాలిని ఆస్వాదిస్తూ ముందుకు వంగిన అమ్మాయిని చేశాడు. అదే 'స్పిరిట్ ఆఫ్ ఎక్స్‌టసీ', 1911 ఫిబ్రవరిలో కంపెనీ పేర రిజిస్టరైంది. వీపు వెనక ఉన్నవి రెక్కలని చాలామంది అనుకుంటారు, నిజానికి అవి చేతుల మీది నుంచి ఎగిరే బట్ట. కాబట్టి దేవత కాదు, మనిషే. ఆ మనిషి ఎలియనోరేనా అంటే, గుసగుస బొమ్మ ఆమెదే, ఇందులోనూ ఆమే ఉందని ఎక్కువమంది నమ్మకం, కాదనేవాళ్లూ ఉన్నారు. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను మాత్రం నమ్మేవాళ్లలోనే ఉంటాను.

తర్వాత జరిగింది బాధగా ఉంటుంది. 1915 డిసెంబరులో మోంటగు ఉద్యోగ పని మీద ఇండియాకు బయల్దేరాడు, ఎలియనోర్ కూడా ఆయనతో పాటు ఎస్.ఎస్. పర్షియా అనే ఓడ ఎక్కింది. డిసెంబరు 30న క్రీట్ దీవికి దక్షిణంగా జర్మన్ జలాంతర్గామి ఒకటి ముందు హెచ్చరిక లేకుండా టార్పిడో వదిలింది. నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. మూడు వందల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎలియనోర్ ఉంది. మోంటగు ఒక పడవ పట్టుకుని బతికి బయటపడ్డాడు, ఇంటికి చేరేసరికి పత్రికల్లో తన చావు కబుర్లు తానే చదువుకోవాల్సి వచ్చింది. ఆయన 1929లో పోయాడు.

ఇంకో చిన్న సంగతి. హెన్రీ రాయిస్‌కు ఈ బొమ్మ పెద్దగా నచ్చలేదని, చూపుకు అడ్డమని అనేవాడని చెబుతారు. మొదట్లో అది కావాలన్నవాళ్లు విడిగా కొనుక్కునే వస్తువే. 1934లో కారు ఎత్తు తగ్గినప్పుడు మోకాళ్ల మీద కూర్చున్న రూపం కూడా చేశారు, అది కొన్నేళ్లు నడిచింది.

ప్రశ్న: ఆ బొమ్మ మొత్తం బంగారమేనా?

జవాబు: కాదు. తొలిరోజుల్లో మెత్తటి తెల్ల లోహం, ఆ తర్వాత కంచు లాంటి మిశ్రమాలు, ఇప్పుడు స్టెయిన్‌లెస్ స్టీలు. బంగారు పూత కావాలంటే వేసిస్తారు.

ప్రశ్న: మెర్సిడెస్ నక్షత్రానికి మూడు కొమ్ములే ఎందుకు?

జవాబు: గోట్లీబ్ డైమ్లర్ కొలోన్ దగ్గర డాయిట్జ్‌లో గ్యాస్ ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు తాముండే ఇంటి మీద ఒక నక్షత్రం గీసి భార్యకు కార్డు పంపాడట. ఆయన 1900లో పోయాక కొడుకులకు అది గుర్తొచ్చింది. 1909లో మూడు కొమ్ములది, నాలుగు కొమ్ములది రెండూ రిజిస్టర్ చేశారు, వాడింది మాత్రం మూడుదే. నేల, నీరు, గాలి, మూడింటా మా ఇంజన్లు నడుస్తాయని దాని అర్థం. 1910 నుంచి రేడియేటర్ మీదికి ఎక్కింది.

ప్రశ్న: జంతువులు, పక్షులు ఎందుకన్ని? ప్రతి దానికీ ఏదో లోతైన అర్థం ఉంటుందా?

జవాబు: కొన్నిటికి ఉంది, కొన్నిటికి అసలేమీ లేదు. పరుగు కావాలంటే వేటకుక్క, బలం కావాలంటే పొట్టేలు, ఇంతకంటే ఆలోచించని కంపెనీలే ఎక్కువ. కానీ ముందు ఒకటి తెలుసుకోవాలి. అప్పట్లో ఖరీదైన కార్లకు కంపెనీ ఇచ్చేది చక్రాలు, ఇంజన్, చట్రం, రేడియేటర్ మాత్రమే. పైన బాడీ వేరే పనివాళ్ల దగ్గర కట్టించుకోవాలి. ఒకే కంపెనీవి రెండు కార్లు పక్కపక్కన నిలబెడితే పక్కల నుంచి పోలికే ఉండేది కాదు. కంపెనీది అని గుర్తుపట్టే ముఖం రేడియేటర్ ఒక్కటే, కాబట్టి చెప్పాలనుకున్నదంతా అక్కడే చెప్పాలి.

అర్థం ఉన్నవాటిలో నాకు మొదట గుర్తొచ్చేది హిస్పానో సుయిజా కొంగ. మొదటి ప్రపంచయుద్ధంలో జార్జ్ గినెమేర్ అనే కుర్ర పైలట్ ఫ్రాన్సుకు పెద్ద హీరో, శత్రు విమానాలు యాభైకి పైగా కూల్చాడు. అతని దళం గుర్తు ఎగిరే కొంగ, అతను నడిపిన స్పాడ్ విమానంలో ఉన్నది హిస్పానో సుయిజా ఇంజన్. 1917 సెప్టెంబరు 11న గాల్లోకి వెళ్లినవాడు తిరిగి రాలేదు. యుద్ధం అయ్యాక 1919లో కంపెనీ హెచ్6 అనే కారు తెచ్చినప్పుడు ఆ కొంగనే దాని మీద పెట్టుకుంది, ఫ్రాంస్వా బాజాన్ అనే శిల్పి చేశాడు. అమ్మకాలకు పనికొచ్చింది, నిజమే, కానీ అందులో నివాళి కూడా ఉంది, నేను దాన్ని ఊరికే కొట్టిపారేయను.

బుగాటీ రాయల్ మీద రెండు కాళ్ల మీద లేచిన ఏనుగు ఇంకో కథ. ఎట్టోరె బుగాటీ తమ్ముడు రెంబ్రాంట్ జంతువుల శిల్పి, ఆంట్వెర్ప్ జూలో రోజుల తరబడి కూర్చుని జంతువులను చూస్తూ మట్టితో చేసేవాడు. యుద్ధకాలంలో మనసు చెదిరి 1916 జనవరిలో ఆత్మహత్య చేసుకున్నాడు, అప్పటికి 31 ఏళ్లు. అన్న పదేళ్ల తర్వాత తన అతి పెద్ద కారు మీద తమ్ముడి ఏనుగును నిలబెట్టాడు. ఆ కార్లు ఆరే తయారయ్యాయి, ఇంజన్ 12.7 లీటర్లు. అంత పెద్ద బండికి ఏనుగే సరి, కానీ ఎందుకు ఏనుగు అని అడిగేవాళ్లలో తమ్ముడి సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

సరదావి కూడా ఉన్నాయి. సిడ్లీ డీసీ అనే బ్రిటిష్ కారు ఇంజన్ చప్పుడు చేయదని 1912లో ఒక విలేఖరి "స్ఫింక్స్‌లా మౌనంగా ఉంది" అన్నట్టు రాశాడు. మనిషి తల, సింహం ఒళ్లు ఉండే ఆ ఈజిప్టు స్ఫింక్స్ బొమ్మ వెంటనే కారు మీదికి వచ్చేసింది, ఆ తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ సిడ్లీగా మారినా దిగలేదు. పొగడ్తను ఇంత గట్టిగా పట్టుకున్న కంపెనీని నేనింకోటి చూడలేదు. డాడ్జ్ పొట్టేలును చేసిన అవార్డ్ ఫెయిర్‌బ్యాంక్స్ మీద ఒక కథ చెప్పుకుంటారు. పొట్టేలుకూ మా కారుకూ ఏం సంబంధమని వాల్టర్ క్రైస్లర్ అడిగితే, కొండ మీంచి పొట్టేలు దూసుకొస్తుంటే ఎవడికైనా ముందు తోచేది "డాడ్జ్" అనే కదా అన్నాడట. ఇంగ్లీషులో ఆ మాటకు పక్కకు తప్పుకోవడం అని అర్థం మరి. ప్యాకార్డ్ వాళ్ల పక్షి మరీ విచిత్రం. ఆ కుటుంబం ముద్రలో ఉన్నది పెలికాన్, అంటే మన గూడబాతు. కారు మీదికి ఎక్కాక దాన్నే కార్మరెంట్ అని పిలిచారు, అంటే నీటికాకి. మన భాషలో చెబితే ప్రమోషన్ వచ్చినట్టు లేదు, ఏమంటారు?

జాగ్వార్ దూకే పులి సంగతి కూడా ఇద్దరు అడిగారు. 1930ల చివర్లో బజార్లో విడిగా అమ్మే ఒక జాగ్వార్ బొమ్మను చూసి కంపెనీ యజమాని విలియం లయన్స్‌కు చిరాకేసింది, గోడ మీంచి తుపాకీతో కొట్టి పడేసిన పిల్లిలా ఉందన్నాడు. ఫ్రెడరిక్ గోర్డన్ క్రాస్బీ అనే చిత్రకారుడు 1938లో గీసి ఇచ్చిందే ఇప్పుడు అందరికీ తెలిసిన జాగ్వార్. రోల్స్ రాయిస్ కథలాంటిదే ఇదీ, బజారు బొమ్మ చూసి పుట్టిన కోపమే.

ప్రశ్న: వేగానికి గుర్తుగా ఎప్పుడూ ఆడవాళ్లనే, అదీ సగం బట్టలతో ఎందుకు చేశారు? నాకైతే ఇబ్బందిగా ఉంటుంది.

జవాబు: మీ ఇబ్బంది సరైనదే. నైకీ నుంచి వచ్చిన సంప్రదాయం అని సమర్థించవచ్చు, కొంత నిజం కూడా. కానీ కారు కొనేది మగవాడు, చేసేది మగవాడు, సీట్లో కూర్చుని గంటల తరబడి చూసేదీ మగవాడు. అందుకే అవి ముఖం అటు తిప్పి వీపు ఇటు పెట్టి ఉంటాయి. ఇంతకంటే విప్పి చెప్పను.

ప్రశ్న: పాంటియాక్ కారు మీద వెలిగే అమెరికన్ ఆదివాసీ తల ఉండేదని విన్నాను. ఆయన నిజంగా ఉన్నాడా?

జవాబు: ఉన్నాడు. పాంటియాక్ అనేది ఒడావా ప్రజల నాయకుడి పేరు, గ్రేట్ లేక్స్ ప్రాంతంలో 1763లో బ్రిటిష్ కోటల మీద యుద్ధం నడిపినవాడు. ఆయన పేరుతో మిషిగన్‌లో ఒక ఊరు వెలిసింది, ఆ ఊరి పేరు 1926లో జనరల్ మోటార్స్ వాళ్ల కారుకు వచ్చింది. 1950ల మొదట్లో కాషాయం రంగు ప్లాస్టిక్‌తో తల చేసి లోపల బల్బు పెట్టారు, హెడ్‌లైట్లు వేస్తే అది కూడా వెలిగేది. చూడ్డానికి అందమే. కానీ ఆయన భూమి కోసం పోరాడి ఓడాక, ఆ భూమి మీదే తిరిగే బండికి ఆయన తలను దీపంగా పెట్టడం నాకు మింగుడు పడదు. ఆ దశాబ్దం సగం దాటాక కంపెనీ తలను తీసేసి బాణాల్లాంటివి పెట్టింది, మర్యాద కోసం కాదులెండి, అప్పుడు అందరికీ జెట్ విమానాల పిచ్చి పట్టింది. ఆ కాలపు అమెరికన్ కార్ల మీద రాకెట్లు, విమానాలు తప్ప ఇంకేం కనిపించవు, వాటి గురించి రాయడానికి కూడా ఏమీ లేదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో లాలిక్ గాజు డేగ తల ఒకటి కొన్నాను. అసలుదో నకిలీదో తెలియక టెన్షన్‌గా ఉంది. కారు మీద గాజు పెట్టేవాళ్లంటేనే నమ్మకం కలగడం లేదు.

జవాబు: పెట్టేవాళ్లు. రెనె లాలిక్ ఫ్రాన్సులో నగలు, గాజు పనుల్లో పేరు మోసినవాడు. 1925లో సిట్రోయెన్ వాళ్లు అడిగితే అయిదు గుర్రాలు వరసగా దూకుతున్నట్టు ఒక గాజు బొమ్మ చేశాడు, వాళ్ల చిన్న కారు పేరు 5సివి, అంటే అయిదు గుర్రాలు. తర్వాతి ఆరేడేళ్లలో సుమారు ముప్ఫై రకాలు వచ్చాయి: తూనీగ, కోడిపుంజు, అడవిపంది, చేప, తోకచుక్క, జుట్టు వెనక్కి ఎగిరే ఒక ముఖం. వాటి కింది లోహపు దిమ్మెలో బల్బు, రంగు గాజు పలక పెట్టుకునే ఏర్పాటు ఉండేది. కరెంటు ఇంజన్‌తో తిరిగే డైనమో నుంచి తీసుకుంటే వేగం పెరిగేకొద్దీ బొమ్మ ఇంకా వెలిగేది. రాత్రిపూట ఎదురుగా వస్తుంటే ఎలా ఉండేదో ఊహించండి.

మీ డేగ సంగతి. ముందు సంతకం చూడండి. రెనె 1945లో పోయాడు. ఆయన ఉన్న రోజుల్లో ముద్ర 'ఆర్. లాలిక్' అని ఉంటుంది, ఆ తర్వాతి వాటికి ముందు 'ఆర్' ఉండదు, 'లాలిక్ ఫ్రాన్స్' అని ఉంటుంది. అలా ఉంటే అది నకిలీ అనుకోవద్దు, అదే కంపెనీ తర్వాతి కాలంలో బల్ల మీద కాగితాల బరువుగా అమ్మినది కావచ్చు, కారు ఎక్కలేదన్నమాట, విలువ చాలా తక్కువ. సంతకం గీయడం పెద్ద పనేం కాదు కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకండి. ముక్కు అంచు, ఈకల గీతలు వేలితో తడమండి. అసలువాటిలో గీత స్పష్టంగా ఉంటుంది, అసలు బొమ్మ మీద అచ్చు తీసి పోసిన నకిలీలో కొసలు మెత్తబడి సబ్బు ముక్కలా ఉంటాయి, కొలత కూడా కాస్త తగ్గుతుంది. ముక్కు మరీ పొట్టిగా ఉందంటే విరిగితే అరగదీసి సరిచేశారని. ఊదా రంగు ఛాయ ఉంటే పాతదే అని అమ్మేవాళ్లు గట్టిగా చెబుతారు. మాంగనీస్ కలిసిన పాత గాజు ఎండకు ఊదాగా మారడం నిజమే, కానీ ఆ రంగు కృత్రిమంగా తెప్పించేవాళ్లూ ఉన్నారు. డబ్బు ఎక్కువ పెట్టి ఉంటే వేలం సంస్థల నిపుణులకు చూపించడమే మంచిది, ఫొటో చూసి నేను చెప్పలేనండీ.

ప్రశ్న: ఆ బొమ్మ తుపాకీ గురి లాగా, రోడ్డుకు సూటిగా నడపడానికి పెట్టారట కదా?

జవాబు: కాదు. కారు ముక్కు ఎక్కడుందో తెలియడానికి డ్రైవర్లకు పనికొచ్చిన మాట నిజం, దానికోసం పెట్టలేదు.

ప్రశ్న: మరి ఇప్పుడు ఎందుకు లేవు? ప్రభుత్వాలు నిషేధించాయా?

జవాబు: పూర్తి నిషేధం అనేది అపోహ. బ్రిటన్‌లో 1937 అక్టోబరు తర్వాత రోడ్డెక్కిన బండ్ల మీద మనిషికి తగిలి గాయం చేసేలా బొమ్మ ఉండకూడదని నియమం ఉంది. ఐరోపా దేశాల 1974 నిబంధన ఇంకా లెక్కగా చెబుతుంది. బొమ్మ 10 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ పైకి ఉంటే, దాని కొస మీద 10 కిలోల బరువంత ఒత్తిడి పడగానే లోపలికి పోవాలి, లేదా వంగాలి, లేదా ఊడిపోవాలి. అందుకే మెర్సిడెస్ నక్షత్రం కింద స్ప్రింగు ఉంటుంది, వేలితో తోస్తే వాలి మళ్లీ లేస్తుంది. రోల్స్ రాయిస్ అమ్మాయి తగలగానే గ్రిల్‌లోకి దిగిపోతుంది, కారు తాళం వేసినప్పుడు కూడా దాక్కునేలా చేసుకోవచ్చు. దొంగల సంగతి తెలిసిందేగా, నక్షత్రాలు విరిచి మెళ్లో వేసుకుని తిరిగే కుర్రాళ్లు ఒకప్పుడు చాలా దేశాల్లో ఉండేవాళ్లు.

అంటే చట్టం చావగొట్టలేదు, ఖర్చు పెంచింది. అసలు దెబ్బ అంతకు ముందే పడింది. 1930ల్లో కార్ల ముక్కు గుండ్రమై కిందికి దిగింది, రేడియేటర్ గ్రిల్ చాటుకు వెళ్లింది, నీళ్ల మూత బానెట్ కిందికి చేరింది. పంపులు వచ్చాయి, తర్వాత ఒత్తిడితో పనిచేసే మూతలు వచ్చాయి, మూత తీసే పనే తగ్గిపోయింది. బొమ్మ నిలబడ్డ మూత పోయాక బానెట్ రేకుకు రంధ్రం పెట్టి బిగించారు. అప్పటిదాకా అది మూతకు పిడి, ఇప్పుడు వట్టి అలంకారం. అలంకారం కాబట్టి డబ్బు మిగుల్చుకోవాలన్నా, గాలి తాకిడి తగ్గించాలన్నా ముందు దాని మీదే వేటు పడుతుంది. రోల్స్ రాయిస్ వాళ్లే 2022లో కరెంటు కారు కోసం అమ్మాయిని ఇంకా కిందికి వంచి, 100 మిల్లీమీటర్ల ఎత్తును దాదాపు 83కు తగ్గించారు.

ప్రశ్న: పాత బొమ్మ ఒకటి దొరికింది, మెరుపు పోయి చిన్న చిన్న బొడిపెలు లేచాయి. రుద్దితే పోతాయా? కారుకు బిగించి వాడుకోవచ్చా?

జవాబు: రుద్దకండి! 1930ల తర్వాతి బొమ్మలు ఎక్కువ భాగం జింకు మిశ్రమాన్ని అచ్చుల్లో పోసి, పైన క్రోమియం పూత వేసినవే. పూతలోని సన్నని రంధ్రాల గుండా తేమ దిగి కింద జింకు తినేస్తుంది, ఆ చెత్తే బొడిపెగా పైకి లేస్తుంది. మీరు గీకితే పూత ఊడి గుంట బయటపడుతుంది, అంతే. చేయించాలంటే పాత పూత మొత్తం తీసి, ప్రతి గుంటనూ తొలిచి శుభ్రం చేసి, రాగి పూత మందంగా వేసి, నున్నగా చేసి, మళ్లీ కావాలంటే ఇంకో పూత వేసి, ఆ పైన నికెల్, చివర్లో క్రోమియం. బొమ్మ ధర కంటే ఆ పనికే ఎక్కువ పట్టొచ్చు. 1920ల ముందుదై, కాస్త పసుపు ఛాయతో మెరుస్తుంటే అది నికెల్ పూత కావచ్చు, కింద ఇత్తడో కంచో ఉంటుంది, దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి వదిలేయండి. ఎవరైనా క్రోమ్ వేయిస్తామంటే ఒప్పుకోకండి, తెల్లగా మెరిసి పరాయిదానిలా కనిపిస్తుంది.

బిగించుకోవడం అంటారా, మీ కారు పాతదై, మూత పైనే ఉంటే బిగించుకోండి, కింద రబ్బరు వాషర్ వేయండి. మూత తీసేటప్పుడు మాత్రం బొమ్మ రెక్కలు పట్టుకుని తిప్పొద్దు, జింకు పుటుక్కున విరుగుతుంది. ఇంజన్ వేడిగా ఉండగా అసలు ముట్టుకోవద్దు, కింద ఉన్నది ఇంకా అవే మరిగే నీళ్లు.